నెలకి పదకొండు రోజులు

1943 జూలై 18, ఆదివారం

నా నోరు కంపు కొడుతోందట.

ఈ మాట అన్నది మా పెదనాన్న కొడుకు కూర్మనాథం అన్నయ్య. చాటుగా కాదు. పొద్దున్న అభిషేకం అయ్యాక, ముఖమండపంలో, పదిమంది వినేలాగ. ఒకావిడ తీర్థం పుచ్చుకుంటూ ముక్కుకి పైట చెంగు అడ్డం పెట్టుకుంది. పాపం జలుబేమో అనుకున్నాను. అన్నయ్య నా పక్కకి వచ్చి, ఒరే చంద్రశేఖరం, అది జలుబు కాదురా, నీ నోరు, దేవుడికే చెయ్యెత్తి ముక్కు మూసుకోవాలనుంటుంది అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

ఈ గుడి అర్చకత్వం నాలుగిళ్ళది. నెల చొప్పున వంతు. ఆషాఢం, కార్తీకం, ఫాల్గుణం నావి. జ్యేష్ఠం, ఆశ్వయుజం, మాఘం అన్నయ్యవి. అంటే శివరాత్రి ఆయనకి, కార్తీక సోమవారాలు నాకు. ముత్తాతల నాటి ఏర్పాటు. డైరీకి ఇదంతా చెప్పనక్కరలేదు. కాని ఆయన చూపు చూశాక ఒకసారి రాసి పెట్టుకోవాలనిపించింది. శివరాత్రి ఉన్నది చాలక ఆయన కన్ను కార్తీకం మీద పడింది.

జూలై 19

జ్ఞానాంబని అడిగాను. నిజమేనా అని. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

పెళ్ళయి పద్నాలుగేళ్ళు. మాట్లాడాలంటే మూడు మూరల దూరంలో నిలబడుతుంది. మొహం పక్కకి తిప్పి, గోడకి చెప్పినట్టు చెబుతుంది. ఇన్నాళ్ళూ అది అణకువ అనుకున్నాను, పదిమందిలో గొప్పగా చెప్పుకున్నాను కూడా. నా అంత వెర్రివాడు ఈ తాలూకాలో ఉండడు. ఎందుకు చెప్పలేదని కేకలేశాను. ఏం చెప్పమంటారు అని చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జూలై 25

లవంగం, ఏలక్కాయ, పచ్చకర్పూరం. మురుక్కాలవలో అత్తరు పోసినట్టుందన్నాడు అన్నయ్య.

ఆగస్టు 2, సోమవారం

నిన్నటితో నా ఆషాఢం అయిపోయింది. ఇవాళ నాలుగిళ్ళ వాళ్ళనీ ధర్మకర్త చినబాబు గారు తమ సావిట్లోకి పిలిచారు. మంచాయన, తగువంటే తలనొప్పి ఆయనకి. అన్నయ్య మాట్లాడాడు. భక్తులు చెవిలో గోత్రం చెప్పడానికి నా దగ్గరికి రావడం లేదట. రోగిష్టి నోటితో మంత్రం చెబితే ఊరికి అరిష్టమట. మిగతా రెండిళ్ళ వాళ్ళూ చాప అంచులు లాక్కుంటూ కూర్చున్నారు.

చినబాబు గారు తమ బంధువైన డాక్టరు చేత నా నోరు చూపించారు. సెలవులకి వచ్చాడాయన. దూరం నుంచే టార్చిలైటు వేసి, పయోరియా, అడ్వాన్స్‌డ్ కేసు, అన్ని పళ్ళూ తీసెయ్యడమే అని ఇంగ్లీషులో చెప్పాడు. నేను ఫోర్తు ఫారం దాకా చదివాననుకోలేదు కాబోలు. అన్నీ అంటే ఎన్ని సార్ అని నేనూ ఇంగ్లీషులోనే అడిగాను.

నాకు ముప్ఫై అయిదేళ్ళు. పళ్ళన్నీ పీకించుకుంటే నమకం ఎలా చెప్పాలి? త, థ, ద, ధ, న, ఇవన్నీ పళ్ళ దగ్గరే పుడతాయి. అప్పుడు ఉచ్చారణ పోయింది, మంత్రం తప్పాడు అని వంతు తీసేస్తారు. పళ్ళుంటే కంపు, లేకపోతే తప్పు. ఎటు తిరిగినా అన్నయ్యే నెగ్గుతాడు.

కార్తీకం వచ్చేలోపల నయం కాకపోతే ఆ నెల కూర్మనాథానిది అని తేల్చారు. ఈ కరువు రోజుల్లో ఏడాదికి సరిపడా గింజలు మా ఇంటికి కార్తీకంలోనే వస్తాయి. ఆ సంగతి సరే. కార్తీక సోమవారం తెల్లవారు జామున దీపాలు చూసుకుంటూ గర్భగుడి తలుపు తీసేది నేను. మా నాన్న, మా తాత తీశారు. అది వదలను. పళ్ళూ వదలను.

ఆగస్టు 16

గుడికి పూలు తెచ్చే తవిటమ్మ ఇవాళ నన్ను ఆపింది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తుంది ఆవిడ. ఆ చుట్ట తీసి పక్కన పెట్టి మరీ మాట్లాడింది. బాబూ, ఊరంతా సెప్పుకుంతన్నారు, మీ ఎనకాల సెప్పుకునీ కన్నా నాను మీ మొగం మీదే సెప్తాను అంది. తన మేనల్లుడు అప్పలస్వామి రంగంలో, అంటే రంగూన్‌లో, పళ్ళ డాక్టరు దగ్గిర పన్నెండేళ్ళు పన్జేసినాడట. బాంబులు పడ్డప్పుడు రంగూన్ నుంచి నడిచి వచ్చేశాడట. శ్రీకాకుళంలో బట్టల కొట్టు వెనకాల గది తీసుకున్నాడట. పళ్ళు పీకీడం కాదు బాబూ, నిలబెట్టీడం వొచ్చు ఆడికి అంది.

మీ మేనల్లుడు అంటే చేపలు పట్టే జాలారే కదా అన్నాను. మరేటి, మీ పళ్ళు బేమ్మర్లా అంది.

ఆగస్టు 22, ఆదివారం

వెళ్ళాను. మన ఊరి నుంచి బండి, అక్కడి నుంచి బొగ్గుతో నడిచే బస్సు. ఎత్తు దగ్గర అందరం దిగి తోశాం.

అప్పలస్వామి నలభై ఏళ్ళ మనిషి. సన్నగా ఉంటాడు. మంగలి కుర్చీ ఒకటి కిటికీ దగ్గర వేసుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కూర్చోమనలేదు. ముందే చెప్పాడు. పంతులుగోరూ, నాను జాలారోన్ని, నా ఏళ్ళు మీ నోట్లో ఎట్టాల, తరవాత నన్ను తిట్టుకోనంటేనే కూకోండి అని. స్నానం చేసుకోవడం నాకు తెలుసు, నువ్వు వేళ్ళు పెట్టు అన్నాను. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. మా వంటింట్లో కూడా అంత శుభ్రంగా ఎవరూ కడుక్కోరు.

ముందు ఒక పని చేశాడు. దారం ఒకటి నా దవడ పళ్ళ మధ్య లాగి నా ముక్కు దగ్గర పెట్టాడు.

రాయక తప్పదు. చచ్చిన ఎలుక. ఆ వాసన పెట్టుకుని నేను శివుడి చెవిలో మంత్రం చెప్పాను, పసిపిల్లలకి అక్షరాభ్యాసం చేశాను, జ్ఞానాంబ పక్కన పడుకున్నాను. కళ్ళంట నీళ్ళొచ్చాయి. అప్పలస్వామి కిటికీ వైపు తిరిగి సామాను సర్దుకుంటూ నిలబడ్డాడు, నేను మొహం తుడుచుకునే దాకా.

పళ్ళు రాళ్ళలాగున్నాయి, సెడ్డవి సిగుళ్ళే అన్నాడు. పళ్ళకీ చిగుళ్ళకీ మధ్య గార పేరుకుపోయి, దాని కింద చీము పట్టిందట. కంపు కడుపులోంచి కాదు, అక్కడి నుంచే. ఎన్నాళ్ళకోసారి తోముతారని అడిగాడు. కోపం వచ్చింది. మేం నిష్ఠగా ఉండేవాళ్ళం అన్నాను. పాడ్యమి, షష్ఠి, అష్టమి, నవమి, ఏకాదశి, చతుర్దశి, పున్నమి, అమావాస్య, ఆదివారాలు, తద్దినాలు, వ్రతాలు, ఈ రోజుల్లో పుల్ల ముట్టుకోకూడదు, పన్నెండు పుక్కిళ్ళు నీళ్ళతో సరిపెట్టుకోవాలి, మా ఇళ్ళలో ఇంత మడి ఇంకెవరూ పట్టరు అని చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదకొండు దినాలే మిగిల్తన్నాయి బాబూ అన్నాడు. అవును అన్నాను, గొప్పగానే. నెలకి పదకొండు దినాలే అన్నం తింతారేటి అని అడిగాడు.

కింది వరస ముందు గీకాడు. ఇనప కొక్కెం లాంటిది. గంటన్నర పట్టింది. సత్తు గిన్నెలో నల్లటి పెచ్చులు, నెత్తురు. నాలుగుసార్లు రావాలన్నాడు, రెండు వారాలకి ఒకసారి. రోజూ రెండు పూటలా తోమాలి, చిగురు అంచున, మెత్తగా. నెత్తురొస్తే ఆపకూడదు. నాలిక గీసుకోవాలి. ఉప్పు నీళ్ళు. గ్లాసు నీళ్ళలో పర్మాంగనేటు ఒక్క గింజ. నెత్తురు చూసి భయపడి మానీబట్టే ఇంతకొచ్చినాది అన్నాడు. బ్రష్ ఒకటి ఇచ్చాడు. దేనితో చేస్తారని అడిగితే, పంది ఎంట్రుకలు బాబూ, దాచీసి ఏటి లాభం అన్నాడు.

తీసుకున్నాను.

ఆగస్టు 23

పంచాంగం ముందేసుకుని నేనే లెక్క వేశాను. పదకొండు. మా నాన్న నలభై అయిదో ఏట బోసినోటితో మిగిలాడు. పూర్వజన్మ పాపం అన్నారు అందరూ. నేనూ అన్నాను.

ఆగస్టు 26, ఏకాదశి

పెరట్లో పళ్ళు తోముకున్నాను. గోడ కూలలేదు.

సెప్టెంబరు 5

రెండోసారి. పై వరస. పళ్ళు సాగినట్టు పొడుగ్గా కనిపిస్తున్నాయి, చల్లనీళ్ళు తాకితే జివ్వుమంటున్నాయి. వాపు తీస్తే అంతే, బెంగెట్టుకోకండి అన్నాడు. రంగూన్ నుంచి వచ్చేటప్పుడు దారిలో పెట్టె, పరుపు, చివరికి చెప్పులు కూడా పారేశాడట, ఈ కొక్కేలు మాత్రం నడుముకి కట్టుకుని వచ్చాడట. ఎందుకు అంటే, మరింకేటీ రాదు కదా నాకు అన్నాడు. నేనూ అంతే, గంట వాయించడం తప్ప ఇంకేం రాదు అన్నాను. నవ్వాడు.

ఇంటికొచ్చి స్నానం చెయ్యలేదు. మరిచిపోయాను. గుర్తొచ్చాక కూడా చెయ్యలేదు.

సెప్టెంబరు 20

నెత్తురు ఆగింది. పొద్దున్న ఉమ్మి తెల్లగా ఉంది. ఇంత చిన్న విషయానికి ఇంత సంతోషమా.

తవిటమ్మ దగ్గరికి పోయి ఊదమంటావా అన్నాను. ఊదండి, ఏటైతే అదవుతాది అంది. ఊదాను. పోనాది బాబూ అంది. మళ్ళీ ఊదమంది. దేవుడి మీదొట్టు, పోనాది అంది.

ఇంటికి పరుగులాగ వచ్చాను. జ్ఞానాంబ కూర తరుగుతోంది. దగ్గరికి వెళ్ళి కూర్చుని, చూడు, పోయింది అన్నాను. సంతోషం అంది. మొహం మాత్రం పక్కకే తిప్పుకుంది. లేచి కుండ సర్దే నెపంతో అవతలికి పోయింది.

ఇంకేం కావాలి ఈవిడకి? పద్నాలుగేళ్ళ అసహ్యం ఒక పూటలో పోదు కాబోలు. పోనీ.

అక్టోబరు 10

బ్రష్ సంగతి బయటపడింది. అన్నయ్య భార్య మా పెరటి గోడ మీంచి చూసింది. పంది, పంది అని వీధంతా. జాలారి వేళ్ళ సంగతి కూడా ఎవరో కలిపారు. ఇవాళ బావి దగ్గర నా చేద తాకిన తాడు కడుక్కుని మరీ తోడుకున్నారు. కడుక్కోండి. తాడైనా శుభ్రపడుతుంది.

అక్టోబరు 27, బుధవారం

మళ్ళీ చినబాబు గారి సావిడి. ఇవాల్టిది పూర్తిగా రాయాలి.

చినబాబు గారు నన్ను ఎదురుగా, మూరెడు దూరంలో నిలబెట్టి, తమ ఇంటి సంకల్పం చెప్పమన్నారు. చెప్పాను. గోత్రం, పేర్లు, తాతల పేర్లు, ఒక్కొక్క అక్షరం ఆయన ముక్కు మీదే వదిలాను. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. వాసన లేదు, పచ్చి వేపాకు వాసన తప్ప ఏమీ లేదు అన్నారు. నేను అక్కడితో ఊరుకోవలసింది. నా నోరు బాగుపడింది కాని, బుద్ధి బాగుపడలేదు. అయ్యా, అన్నయ్య చేత కూడా అదే దూరంలో ఒకసారి చెప్పించండి అన్నాను. అన్నయ్య ఎర్రబడ్డాడు. కాని వెనక్కి తగ్గితే పరువు పోతుంది. ముందుకొచ్చి గోత్రం మొదలుపెట్టాడు. చినబాబు గారు పాపం మర్యాదస్థులు. అయినా రెండో పేరు దగ్గర ఒక అడుగు వెనక్కి వేశారు. మిగతా రెండిళ్ళ వాళ్ళూ పైకి, దూలాల వైపు చూశారు. అన్నయ్యదీ మా నాన్న నోరే, నా నోరే. అదే పదకొండు రోజులు.

జాలి కలగాలి. అప్పుడు కలగలేదు.

ఆయన బ్రష్ మాట ఎత్తాడు. పంది వెంట్రుకలు నోట్లో పెట్టుకున్నవాడు గర్భగుడిలోకి ఎలా వస్తాడని. నేను బొడ్లోంచి బ్రష్ తీసి చినబాబు గారి చాప మీద పెట్టాను. పంది నాకేమీ మేనమామ కాదు, ఉంచుకోండి అన్నాను. వేపపుల్ల నలగ్గొట్టి కుంచెలాగ చేసుకుంటే అంతే పని చేస్తుందని అప్పలస్వామే చెప్పాడు. కావలసింది బ్రష్ కాదు, రోజూ తోమడం. ఏ తిథి అయినా తోముకుంటాను, అది మాత్రం అడగకండి అన్నాను.

అక్కడ పడింది ముడి. పంది సంగతి అందరూ మరిచిపోయారు. ఏకాదశి నాడు పుల్ల నోట్లో పెడతాడా అని మిగతా ఇళ్ళ వాళ్ళు కూడా లేచారు. గంటసేపు. చివరికి చినబాబు గారు, మిగతా తిథులు నేను చూడను, ఏకాదశి ఒక్కటి పాటించు నాయనా అన్నారు. ఏకాదశి పొద్దున్న గడప దగ్గర కూర్మనాథం అడగాలి, తోముకున్నావా అని. నేను దేవుడి ఎదుట జవాబు చెప్పాలి. తోముకుంటే ఆ గడపలోనే తాళాలు ఇచ్చెయ్యాలి.

నేను మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నారు. తాళాలు నా చేతికి వచ్చాయి.

నెలకి రెండు రోజులు. రెండు దినాలు మానీస్తే ఏటీ అవదు బాబూ అని అప్పలస్వామీ అంటాడు, నాకు తెలుసు. అయినా ఇంటికి వచ్చే దారిలో దొంగతనం చేసినట్టుంది.

అక్టోబరు 30

కార్తీకం. తలుపు నేనే తీశాను.

నవంబరు 1

మొదటి సోమవారం. జనం. ఒక ముసలాయన నా చెవి దగ్గరికి వచ్చి, ఆనించి, మనవడి పేరు చెప్పాడు. ముక్కు ముయ్యలేదు. నేను మూడుసార్లు అడిగాను ఆ పేరు, వినపడనట్టు.

నవంబరు 8, సోమవారం, ఏకాదశి

రెండూ ఒకేరోజు వచ్చాయి. ఇవాళ మానేద్దామనే లేచాను. ఇది నిజం. పన్నెండు పుక్కిళ్ళు పోసుకుని గుడికి పోదామని చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను.

ఆవు కొట్టం వెనకాల జ్ఞానాంబ. గోడకి మొహం పెట్టి కూర్చుంది. చేతిలో నలగ్గొట్టిన వేపపుల్ల, పక్కన ఉప్పు. ఉమ్మింది. నెత్తురు.

నన్ను చూసి కొంగుతో నోరు మూసుకుంది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. వినాయక చవితి నుంచి అంది. నేను చేసుకునేదంతా చూసి తనూ చేసుకుంటోందట. అది కాదు, ఈ నెత్తురు ఎన్నాళ్ళ నుంచి అన్నాను. రెండో బిడ్డ పోయినప్పటి నుంచి అంది. అంటే పదేళ్ళు. మీకు వాసన తగులుతుందని పక్కకి తిరిగి మాట్లాడేదాన్ని, మీరు ఏమీ అనకపోతే మీ మంచితనం అనుకున్నాను అంది. నాకు నా కంపులో ఇంకొకరి కంపు ఎలా తెలుస్తుంది? ఆవిడకి నాది ఎలా తెలుస్తుంది? ఆ రోజు ఏం చెప్పమంటారు అన్నది అందుకు. పదేళ్ళు ఆవిడ సిగ్గుతో మొహం తిప్పుకుంటే, నేను అణకువ అనుకుని మురిసిపోయాను. ఆడవాళ్ళకి వ్రతాలు ఎక్కువ. ఆవిడకి నెలకి ఎనిమిది రోజులే దక్కేవట.

ఇవాళ ఏకాదశి కదా, పారేస్తాను, మీ మాట పోతుంది అని పుల్ల కింద పెట్టబోయింది.

ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు. నేను ఇవాళ గడప దగ్గర తలూపితే, ఈవిడ బతుకంతా కొట్టం వెనకాలే. పారెయ్యకు, పద అన్నాను. ఇంకో పుల్ల విరిచి నోట్లో పెట్టుకున్నాను. వీధిలోంచే నడిచాం, పుల్లలు నోట్లో పెట్టుకుని, ఇద్దరం. ఆవిడ రానంటుందేమో అనుకున్నాను. వచ్చింది. నన్ను దాటి ముందు నడిచింది కూడా.

వంశధార రేవులో కార్తీక స్నానాలకి ఊరంతా ఉంది. అరటిదొప్పల్లో దీపాలు వదులుతున్నారు. మేం మెట్ల మీద కూర్చుని తోముకున్నాం. చిగురు అంచున, మెత్తగా, చెప్పినట్టే. జ్ఞానాంబ నెత్తురు ఉమ్మింది, నీళ్ళు పోసుకుంది, మళ్ళీ తోముకుంది. పక్కనున్నవాళ్ళు దొప్పలు తీసుకుని అవతలి మెట్టుకి జరిగారు. తవిటమ్మ ఒక్కతే, మా పంతులమ్మకీ బాగైపోతాది సూడండి అని పక్కవాళ్ళకి చెబుతోంది.

గడప దగ్గర అన్నయ్య నిలబడి ఉన్నాడు. అడిగాడు. తోముకున్నాను, నా భార్య కూడా తోముకుంది, రేపూ తోముకుంటాం, వచ్చే ఏకాదశికీ తోముకుంటాం అన్నాను. ఆయన చెయ్యి చాపాడు. తాళాలు అందులో పెట్టాను. నీ చిగుళ్ళు కూడా చూపించుకో అన్నయ్యా, శ్రీకాకుళం నేను తీసుకెళ్తాను అన్నాను. అది వెక్కిరింతకి కాదు. ఆయనకి అలాగే వినిపించి ఉంటుంది.

బయట నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. నా కార్తీకంలో బయట నిలబడడం ఇదే మొదలు. బాధ లేదని రాస్తే అబద్ధం. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. చినబాబు గారు మనిషిని పంపారు, ఫాల్గుణం సంగతి ఫాల్గుణంలో చూద్దామని. చూడమనండి. ఫాల్గుణంలో రెండు ఏకాదశులు వస్తాయి.

నవంబరు 14, ఆదివారం, శ్రీకాకుళం

జ్ఞానాంబ కుర్చీలో కూర్చుంది. అప్పలస్వామి పళ్ళు లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిది. మూడు ఎప్పుడో పోయాయట. నాకు తెలియదు.